అచ్చుకూటపు అంతేవాసి: బెంజమిను ఫ్రాంక్లిను చరిత్రము

మన మహాసభ వార్షిక సంచికకు ఒక మహాపురుషుని చరిత్రము వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఎవరి చరిత్రమని మేమడుగగా, మన యువకులకు పనికివచ్చునది యేదైనను సరే యనిరి. ఆ దినములలోనే మా పూర్వశిష్యుడొకడు మా యింటికి వచ్చెను. అతడు పట్టణమున నొక వార్తాపత్రిక కార్యాలయములో ఆఱు నెలలు జీతము లేక పని నేర్చుకొనుటకు కుదిరియుండెను. ఇప్పటివారు దీనిని ఇంటర్నుషిప్పు అందురు. తనచేత టీ తెప్పించుట, కాగితములు మోయించుట, ఇతరులు వ్రాసినదానిలో అక్షరదోషములు దిద్దించుట తప్ప వేఱు పని చెప్పుట లేదనియు, తాను వ్రాసినది తన పేరుతో ఒక్కటియు అచ్చు కాలేదనియు, మానివేయ దలచితిననియు అతడు మాతో మొఱపెట్టుకొనెను. మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. మానుమని చెప్పుటకు మనసొప్పలేదు. ఉండుమని చెప్పుటకు న్యాయము తోచలేదు. అతడు వెడలిన పిమ్మట, మూడువందల సంవత్సరముల క్రిందట ఇట్టి చిక్కులోనే పడిన యొక బాలుడు మాకు జ్ఞప్తికి వచ్చెను. వాని చరిత్రమునే ఇచట వ్రాయుచున్నాము.

ఫ్రాంక్లిను పేరు వినగానే బడిలో చదువుకొన్నవారికి గాలిపటము, మెఱుపు, పిడుగుకడ్డీ మనసునకు వచ్చును. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై చేవ్రాలు చేసినవారిలో నొకడనియు, ఫ్రాన్సు దేశమునకు రాయబారిగా వెళ్లెననియు కొందఱెఱుగుదురు. ఆ సంగతులపై గ్రంథములు కొల్లలుగా నున్నవి గాన మేము వానిని విడిచిపెట్టుచున్నాము. ఆయన తన్ను గూర్చి తాను చెప్పుకొనవలసి వచ్చినపుడు మొట్టమొదట చెప్పుకొన్నది తాను అచ్చు పనివాడననియే. ఆ పని ఆయనకెట్లు పట్టువడెను, దానికై ఆయన యెవరికి ఋణపడెను, ఆ ఋణమును తీర్చెనా లేదా యను నంతవఱకే మా వ్రాత.

బెంజమిను 1706 సం. జనవరి 17వ తేదీన బోస్టను పట్టణమున జన్మించెను. తండ్రి జోసయా 1683లో ఇంగ్లండులోని ఎక్టను గ్రామమునుండి వలస వచ్చినవాడు. స్వదేశమున బట్టలకు రంగులద్దుట అతని వృత్తి. బోస్టనులో ఆ పని సాగకపోవుటచే పశువుల క్రొవ్వు కరగించి వత్తులును సబ్బును చేసి యమ్ముకొనుచుండెను. ఇద్దఱు భార్యలయందు కలిగిన పదునేడుగురు సంతానములో బెంజమిను పదునైదవవాడు, మగపిల్లలలో కడగొట్టువాడు. దేవునికి పదియవ వంతు చెల్లించినట్లు ఈ పదియవ కుమారుని మతాచార్యుని జేయ దలచి తండ్రి ఎనిమిదవ యేట లాటిను బడిలో చేర్చెను. పిల్లవాడు సంవత్సరము తిరుగకముందే తరగతిలో మొదటివాడయ్యెను. కాని యింత కుటుంబముతో ఆ చదువునకు వ్యయము భరించుట తండ్రికి సాధ్యము కాలేదు. పిమ్మట లెక్కలును దస్తూరియు చెప్పు బ్రౌనెలు అనువాని బడిలో వేసెను. దస్తూరి చక్కగా కుదిరెను; లెక్కలు కుదురలేదు. పదియవ యేట చదువు ముగిసెను. రెండేండ్ల బడిచదువు! ముప్పదియైదేండ్లు పాఠములు చెప్పి పింఛను పుచ్చుకొనుచున్న మాకు ఈ సంగతి వ్రాయుటకు కొంచెము సిగ్గుగానే యున్నది.

వత్తులకు దారము కత్తిరించుట, మూసలలో క్రొవ్వు నింపుట, అంగడిలో కూర్చుండుట బాలునికి రోత పుట్టించెను. ఓడనెక్కి సముద్రముపై పోవలెనని అతని కోరిక. అంతకు ముందే యొక కుమారుడు తన్ను విడిచి ఓడపనికి పోయియుండుటచే తండ్రికి భయము కలిగెను. అపుడాయన చేసినది మాకు మిక్కిలి మెప్పు గొలిపినది. తిట్టలేదు, కొట్టలేదు. కుమారుని చేయి పట్టుకొని వీధులవెంట తిరిగి, వడ్రంగులు, తాపీవారు, తరిమెన పట్టువారు, కంచరులు పనిచేయుచోట నిలిచి, పిల్లవాని చూపు దేనిపై నిలుచునో కనిపెట్టుచుండెను. మన తల్లిదండ్రులలో నెందఱు బిడ్డను వెంటబెట్టుకొని ఇట్లు ఊరు తిరిగియుందురు? మొదట కత్తులు చేయు బంధువునొద్దకు పంపెను. ఆతడు నేర్పుటకు రుసుము కోరుటచే తండ్రికి కోపము వచ్చి పిల్లవానిని వెనుకకు తెచ్చెను. అంతలో పెద్దకుమారులలో నొకడైన జేమ్సు 1717లో ఇంగ్లండునుండి ముద్రాయంత్రమును అచ్చులను తెచ్చుకొని బోస్టనులో అచ్చుకూటము పెట్టెను. పుస్తకముల పిచ్చిగల చిన్నవానికి ఇదియే తగినదని తండ్రి నిశ్చయించెను.

బాలుడు కొంత పెనగులాడి, తుదకు 1718లో, తన పండ్రెండవ యేట, ఒడంబడిక పత్రముపై చేవ్రాలు చేసెను. ఇరువదియొకటవ యేడు వచ్చువఱకు అన్నయొద్ద పనిచేయవలయును. తిండియు బసయు అన్న యిచ్చును. కడపటి సంవత్సరము తప్ప వేతనము లేదు. తొమ్మిదేండ్ల కట్టుబాటు! మా శిష్యుని ఆఱు నెలలకును దీనికిని గల తారతమ్యమును చదువరులే గ్రహింతురు గాక.

ఆ కాలపు అచ్చుపని యెట్టిదో చెప్పక ఈ కథ నడువదు. కంపోజిటరు గళ్ళపెట్టె ముందఱ నిలిచి, ఒక్కొక్క సీసపు అక్షరమును ఏరి, ఎడమచేతిలోని స్టిక్కులో వరుసగా కూర్చును. అక్షరములు తలక్రిందులుగా నుండును. అద్దములో వలె ఎదురుగానుండును. వాని నట్లే చదువనేర్వవలెను. పంక్తి పొడవు సరిపడునట్లు మాటల నడుమ సందులను సర్దవలెను. పుటలను చట్రములో బిగించి, ఉన్ని నింపిన తోలుబంతులతో సిరా పూసి, తడిపిన కాగితమును పఱచి, మ్రాను లాగి అచ్చొత్తవలెను. పిదప ఆ యక్షరములన్నింటిని కడిగి మఱల ఏ గడిలోనిది ఆ గడిలో వేయవలెను. మేము సంస్కృత పాఠశాలలో చదువుకొను దినములలో సెలవులకు ఒక చిన్న అచ్చుకూటములో ప్రూఫులు దిద్ది కొన్ని రూపాయలు సంపాదించితిమి. గుణింతములు, వత్తులు గల మన లిపికి గళ్ళు ఇంగ్లీషు లిపికంటె ఎన్నియో రెట్లు ఎక్కువ. ఒకపుడు విసర్గలు చాలక కంపోజిటరు అంకెలలోని సున్నలను ఒకదానిపై నొకటి నిలిపి పని జరుపుట మేమెఱుగుదుము. చేతితో ఒక వాక్యమును అక్షరమక్షరముగ కూర్చినవానికి అందులో ఏ మాట అధికమో ఏ మాట తక్కువో తెలిసినట్లు, కన్నులతో చదివిపోవువానికి తెలియదు. అయిదేండ్లు ఈ పని చేసిన ఫ్రాంక్లిను ఇతరుల వాక్యములను ఎన్ని వేలు మోసియుండునో!

ఆ పని చెంత మఱియొక లాభము కలదు. పుస్తక విక్రేతల యంగళ్ళలో పనిచేయు పిల్లలు ఇతనికి స్నేహితులైరి. సాయంకాలము ఒక పుస్తకమును చాటుగా ఎరువు తెచ్చుకొని, రాత్రియంతయు చదివి, తెల్లవారకముందే మచ్చ పడకుండ తిరిగి యిచ్చుచుండెడివాడు. పదునాఱవ యేట మాంసాహారము మాని, తన భోజనమునకై అన్న వెచ్చించు సొమ్ములో సగము తనకిచ్చిన చాలునని యడిగి, అందులోను సగము మిగిల్చి పుస్తకములు కొనెను. మిగిలినవారు భోజనమునకు పోయినపుడు అచ్చుకూటములో ఒంటరిగా నుండి, రొట్టెముక్కయు కొన్ని ఎండుద్రాక్షలును తిని నీరు త్రాగి చదువుకొనెడివాడు. బాల్యమున తప్పిపోయిన లెక్కలను ఆ వేళలలోనే తనంత తాను నేర్చుకొనెను.

వ్రాత యెట్లు పట్టువడినదో చూతము. మొదట రెండు పాటలు కట్టెను: ఒకటి దీపస్తంభపు కాపరి కుటుంబముతో నీట మునిగిన దుర్ఘటనను గూర్చి, మఱియొకటి ఓడదొంగయగు టీచి యనువానిని గూర్చి. అన్న వానిని అచ్చొత్తి వీధులలో అమ్ముకొనిరమ్మని పంపెను. మొదటిది బాగుగా అమ్ముడుపోయెను. తండ్రి మాత్రము పాటలు కట్టువారు ప్రాయికముగ బిచ్చమెత్తుకొందురని చెప్పి ఆ గర్వమును అణచెను. పిమ్మట కాలిన్సు అను మిత్రునితో స్త్రీలకు విద్య తగునా యని జాబులమూలమున వాదించుచుండగా ఆ జాబులు తండ్రి కంటబడెను. ఆయన వివాదము జోలికి పోక, అక్షరదోషములు లేకుండుటయు విరామచిహ్నములును అచ్చుకూటపు చలువచే బాగుగానే యున్నవనియు, మాటల పొందికయు స్పష్టతయు మిత్రునికంటె తక్కువగా నున్నవనియు ఉదాహరించి చూపెను. క్రొవ్వు కరగించు ఆ ముదుసలి వంటి పరీక్షకుడు మాకు చిన్ననాట దొరకలేదే యని మేము అనుకొనుచుందుము.

బాలుడు నొచ్చుకొనక, స్పెక్టేటరు అను ఇంగ్లీషు పత్రికయొక్క విడి సంపుటమొకటి కొని దానినే గురువుగా పెట్టుకొనెను. ఒక వ్యాసము చదివి, ప్రతి వాక్యపు భావమును రెండు మూడు మాటలలో గుర్తు వ్రాసుకొని, కొన్ని దినములు ప్రక్కన పెట్టి, పిదప గ్రంథము చూడక ఆ గుర్తులనుబట్టి వ్యాసమంతయు తన మాటలలో వ్రాసి, మూలముతో పోల్చి దిద్దుకొనెడివాడు. తనకు మాటల సంపద చాలదని తెలిసి, ఆ కథలను పద్యములుగా మార్చి, మఱచిన పిమ్మట పద్యములను మఱల వచనముగా చేసెడివాడు. గుర్తుల కాగితములను కలగాపులగము చేసి, కొన్ని వారముల తరువాత సరియైన క్రమమున పేర్చుకొనుటకు ప్రయత్నించెడివాడు. చిన్ననాడు రఘువంశ శ్లోకములకు అన్వయము చెప్పుటకై మేము పదములను విడదీసి మఱల కూర్చిన పద్ధతి దీనికి దగ్గఱ బంధువు. మాకు వెనుక గురువుగారి బెత్తముండెను; ఈతనికి అదియు లేదు. ఇదంతయు పని ముగిసిన రాత్రులందును, పని మొదలుకాని యుదయములందును జరిగెను.

1721 ఆగస్టు 7వ తేదీన జేమ్సు న్యూఇంగ్లండు కూరంటు అను వార్తాపత్రికను ప్రారంభించెను. ఆ సంవత్సరము బోస్టనులో మశూచి చెలరేగెను. పదునొకండువేల ప్రజలుగల ఊరిలో సుమారు ఆఱువేలమందికి సోకి 844 మంది మరణించిరి. కాటను మాథరు అను మతాచార్యుడు తన యింటి బానిసయగు ఒనీసిమసు అను ఆఫ్రికావానివలన, మశూచి పొక్కులోని రసమును ఆరోగ్యవంతుని చర్మమున ఎక్కించి రోగమును తేలికగా దాటించు పద్ధతిని వినియుండెను. ఆయన ప్రోత్సాహమున బాయిల్‌స్టను అను వైద్యుడు సుమారు 240 మందికి అట్లు చేయగా ఆఱుగురు మాత్రమే మరణించిరి. అయినను క్రొత్త పత్రిక మతాచార్యులను ఎదిరించు ఉత్సాహములో ఈ పద్ధతిని పరిహసించి ఖండించెను. పెద్దలను ఎదిరించుట వేఱు, నిజమును కనుగొనుట వేఱు. పత్రికవారు ఈ రెంటిని ఒకటే యని భ్రమపడుట నాటితో పోలేదు. పదునైదేండ్లకు, 1736లో, ఫ్రాంక్లిను తన నాలుగేండ్ల కుమారుని మశూచికి కోల్పోయెను. బిడ్డకు ఆ రసము ఎక్కింపకుంటినే యని జీవితాంతము దుఃఖించి, ఇతర తల్లిదండ్రులు జాగ్రత్తపడుటకై ఆ సంగతిని తన స్వీయచరిత్రలో వ్రాసెను.

పత్రికకు జేమ్సు మిత్రులు కొందఱు వ్రాయుచుండిరి. వారు అచ్చుకూటమునకు వచ్చి ఏ వ్యాసమునకు ఎట్టి పేరు వచ్చినదో మాటలాడుకొనుట తమ్ముడు వినుచుండెను. తానును వ్రాయవలెనని యుండెను. కాని తాను వ్రాసినదని తెలిసిన అన్న అచ్చు వేయడని యెఱిగి, దస్తూరి మార్చి, సైలెన్సు డూగుడ్ అను నడివయసు విధవరాలి పేరున ఒక జాబు వ్రాసి, రాత్రివేళ తలుపు క్రిందనుండి లోనికి త్రోసెను. మఱునాడు మిత్రులందఱు దానిని చదివి మెచ్చి, ఊరిలో విద్వాంసులని పేరుపొందినవారి పేర్లే ఊహించిరి. పదునాఱేండ్ల పిల్లవాడు ప్రక్కనే నిలిచి యక్షరములు కూర్చుచు వినుచుండెను. 1722 ఏప్రిలు మొదలు అక్టోబరు వఱకు అట్టి జాబులు పదునాలుగు వెలువడినవి. హార్వర్డు కళాశాలలోని డంబమును ఒక దానిలో పరిహసించెను. స్త్రీవిద్యను మఱియొక దానిలో సమర్థించెను. తుదకు గుట్టు విప్పగా మిత్రులు గౌరవించిరి, అన్న మాత్రము వీనికి గర్వము తలకెక్కునని ముఖము ముడుచుకొనెను. పేరులేని వ్రాతకు తనంత విలువ తాను సంపాదించు శక్తి కలదని ఫ్రాంక్లిను ఆనాడు నేర్చినది, పిమ్మట జీవితాంతము అనేక మాఱుపేర్లతో వ్రాయుటకు పునాది యయ్యెను.

ఆ సంవత్సరము జూనులో, ఓడదొంగలను పట్టుటలో ప్రభుత్వము జాప్యము చేయుచున్నదని ఎత్తిపొడిచినందుకు జేమ్సును సుమారు ఒక మాసము చెఱసాలలో నుంచిరి. తమ్ముని కూడ పిలిచి ప్రశ్నించిరి. యజమాని రహస్యము దాచుట శిష్యుని ధర్మమని యెంచి మందలించి విడిచిరి. ఆ మాసమంతయు పత్రికను బెంజమినే నడిపెను. అధికారులను ఒకటి రెండు మాటలనుటకును వెనుదీయలేదు. 1723 జనవరిలో జేమ్సు ఫ్రాంక్లిను ప్రభుత్వ కార్యదర్శికి చూపకుండ ఆ పత్రికను అచ్చువేయరాదని శాసనసభ ఉత్తరువు చేసెను. దానిని తప్పించుకొనుటకై ఫిబ్రవరి 11వ తేదీనుండి పత్రికను బెంజమిను ఫ్రాంక్లిను పేరున ప్రకటించిరి. శిష్యుని పేరు అడ్డుపెట్టుకొన్నారను అభియోగము రాకుండ, పాత ఒడంబడిక పత్రము వెనుక విడుదల చేసినట్లు వ్రాసి బాలుని చేతికిచ్చి, మిగిలిన కాలమునకు రహస్యముగ క్రొత్త పత్రము వ్రాయించుకొనిరి.

అన్నదమ్ముల తగవులు అప్పటికే ముదిరియుండెను. జేమ్సు కోపిష్ఠి, తఱచుగా కొట్టెడివాడు. తమ్ముడును నోరు గలవాడే. రహస్యపత్రమును బయటపెట్టుటకు అన్నకు ధైర్యము చాలదని యెఱిగి, తాను స్వతంత్రుడనని ఆతడు ఒకనాడు తెగబడి చెప్పెను.

ఇచట మా శాస్త్రములు ఏమనునో కొంచెము చూతము. శిల్పము నేర్వగోరువాడు బంధువుల యనుమతితో కాలము నిర్ణయించుకొని ఆచార్యునొద్ద వసింపవలెనని నారదస్మృతి చెప్పుచున్నది. గడువునకు ముందే విద్య వచ్చినను గడువు తీరువఱకు గురుగృహమున నుండవలెననియు, ఆ కాలమున తన పనివలన వచ్చు ఫలము గురువునకే చెందుననియు యాజ్ఞవల్క్యుని మతము. ఈ ధర్మమునుబట్టి బెంజమిను దోషి. కాని ఆ నారదుడే గురువునకును నియమము పెట్టెను: అన్నము పెట్టి, తన యింట నేర్పి, వేఱు పని చేయింపక, పుత్రునివలె చూడవలెనట. ఈ ధర్మమునుబట్టి జేమ్సును దోషియే. ఎవని తప్పు ముందు అని అడిగినచో మేము చెప్పలేము. రహస్యపత్రమును అడ్డుపెట్టుకొని విడిపోవుట తన జీవితములోని మొదటి పెద్ద తప్పులలో నొకటియని ఫ్రాంక్లినే వృద్ధాప్యమున ఒప్పుకొనెను. ఆ తప్పులకు ఆయన అచ్చుకూటపు మాటనే వాడెను; పుస్తకమున దొరలిన అచ్చుతప్పులకు వాడు పేరునే వానికి పెట్టెను. అన్న కొట్టిన దెబ్బలవలననే నిరంకుశాధికారమన్న తనకు ఏవము పుట్టియుండునని కూడ ఆయన తలంపు.

జేమ్సు ఊరిలోని ముద్రాపకులందఱతో చెప్పి తమ్మునికి పని దొరకకుండ జేసెను. 1723 సెప్టెంబరులో బెంజమిను కొన్ని పుస్తకములమ్మి రహస్యముగ ఓడనెక్కి న్యూయార్కు చేరెను. ఆ నెలాఖరుననే జేమ్సు తనకు చుఱుకైన కుఱ్ఱవాడు పని నేర్చుకొనుటకు కావలెనని పత్రికలో ప్రకటన వేసికొనెను. వింత యేమనగా, ఆ పత్రిక 1726లో ఆగిపోవువఱకు పాఱిపోయిన తమ్ముని పేరుననే వెలువడుచుండెను.

న్యూయార్కులో పని లేదు. ఫిలడెల్ఫియాకు పొమ్మనిరి. గాలివానలో పడవ ప్రయాణము, న్యూజెర్సీలో ఏబది మైళ్ళ కాలినడక చేసి, అక్టోబరులో ఒక ఆదివారము ఉదయమున ఆ ఊర దిగునప్పటికి జేబులో ఒక డచ్చి డాలరును ఒక షిల్లింగు విలువగల రాగి నాణెములును ఉండెను. మూడు పెన్నీలకు మూడు పెద్ద రొట్టెలు కొని, ఒకటి తిని, మిగిలిన రెండును తనతో పడవలో వచ్చిన యొక తల్లికిని బిడ్డకును ఇచ్చిన కథ ప్రసిద్ధము. కాని చేతిలో రొట్టె తప్ప మఱేమియు లేనివాడని యనుకొనరాదు. మఱునాడు కీమరు అను ముద్రాపకుని అచ్చుకూటమునకు పోగా, విఱిగిన యంత్రమొకటి, అరిగిన అచ్చుల జత యొకటి కనబడెను. కీమరు ఒక స్మృతిపద్యమును కాగితముపై వ్రాయకుండ నేరుగా అచ్చులలోనే కూర్చుచుండెను. ఉన్నది ఒక్క గళ్ళపెట్టె జతయే గనుక ఎవ్వరును సాయము చేయలేకపోయిరి. పదునేడేండ్ల బెంజమిను ఆ యంత్రమును పనిచేయు స్థితికి తెచ్చి, పద్యము సిద్ధము కాగానే వచ్చి అచ్చొత్తెను. ఎవ్వరి సిఫారసు పత్రమును అడిగినవారు లేరు. అయిదేండ్ల శిష్యత్వము చేతివేళ్ళలోనుండెను.

మఱుసటి యేడు బోస్టనుకు పోయి, క్రొత్త దుస్తులు, గడియారము, జేబునిండ వెండి నాణెములతో అన్న అచ్చుకూటములో ప్రవేశించి, పనివారికి త్రాగుటకు డబ్బిచ్చి ప్రగల్భములాడి వచ్చెను. తన పనివారి యెదుట తన్ను అవమానించెనని జేమ్సు మండిపడెను. ఇది తమ్ముని తప్పే. ఆ వయసు అట్టిది.

గవర్నరు కీతు మాటలు నమ్మి 1724 చివర లండను పోయి, ఆయన పంపెదనన్న జాబులు రాకపోవుటచే చిక్కుబడి, అచటి రెండు పెద్ద అచ్చుకూటములలో పనిచేసి 1726లో తిరిగివచ్చెను. అచట వుల్లాస్టను వ్రాసిన మతతత్త్వ గ్రంథమునకు అక్షరములు కూర్చుచు, కూర్చుచునే దాని వాదముతో ఏకీభవింపక, ఖండనముగ ఒక చిన్న పుస్తకము వ్రాసెను. కంపోజిటరు విమర్శకుడైన ఉదాహరణము ఇది. తిరిగివచ్చి మఱల కీమరునొద్ద చేరగా, అచ్చులు తక్కువపడినవి. అమెరికాలో అచ్చులు పోతపోయువారు లేరు. లండనులో పోత పని చూచిన జ్ఞాపకముతో తానే మూస కల్పించి సీసముతో అక్షరములు పోసెను. చెక్కడపు పని చేసెను, సిరాయు కాచెను.

1728లో మెరిడిత్తు అను సహచరునితో సొంత అచ్చుకూటము పెట్టెను. మఱుసటి యేట, తొంబదిమంది చందాదారులైనను లేక చతికిలబడిన కీమరు పత్రికను చౌకగా కొనెను. సర్వశాస్త్ర బోధిని యను పెద్ద పేరు పెట్టి, ఒక విజ్ఞానకోశమును అకారాది క్రమమున వారమువారము అచ్చువేయుచుండిన పత్రిక అది! ఫ్రాంక్లిను ఆ కోశమును తీసివేసి, పేరును పెన్సిల్వేనియా గెజెటు అని కుదించి, 1729 అక్టోబరు 2వ తేదీనుండి చక్కని అచ్చులతో నడిపెను. భాగస్థుని వంతునకు కావలసిన సొమ్మును కోల్మను, గ్రేసు అను ఇద్దఱు మిత్రులు అప్పిచ్చిరి. ఒక రాత్రి పని ముగిసిన పిమ్మట చట్రము విఱిగి రెండు పుటల యక్షరములు చెల్లాచెదరు కాగా, అవి యన్నియు ఏరి మఱల కూర్చిన తరువాతనే పండుకొనెను. కాగితపు కట్టలను తానే చేతిబండిపై వీధులవెంట తోసికొని వచ్చెను.

పత్రిక నడుపుటలో బోస్టను పాఠములు కనబడుచునే యున్నవి. పరనిందగల వ్రాతలు తెచ్చినవారితో, కావలసినన్ని ప్రతులు వేఱుగ అచ్చొత్తి యిత్తునుగాని, చందాదారులకు చెల్లవలసిన పత్రికలో వేయననెడివాడు. జేమ్సు చెఱకు పోయిన దారి ఎఱిగినవాడు గదా. విధవరాలి పేరున జాబు వ్రాసిన చేయియే, 1732 చివర పేద రిచ్చర్డు పంచాంగమును మొదలుపెట్టెను. అది యేటేట సుమారు పదివేల ప్రతులు అమ్ముడుపోయెను. కాని ఆ గెజెటులోనే బానిసల యమ్మకపు ప్రకటనలును, యజమానులను విడిచి పాఱిపోయిన శిష్యులను పట్టి యిచ్చినవారికి బహుమానమను ప్రకటనలును అచ్చయ్యెను. తాను పాఱివచ్చినవాడే! ఆ పంక్తులను కూర్చునపుడు ఆయనకేమి తోచెనో. 1787లో బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడై, మరణమునకు రెండు మాసముల ముందు అమెరికా శాసనసభకు ఆ సంఘము తరఫున మహజరు పంపెనని చెప్పి, ఆ మచ్చను మఱుగుపఱచకయే ముందునకు పోవుదము.

తనయొద్ద పని నేర్చినవారిని ఆయన విడిచిపెట్టలేదు. 1731 మొదలుకొని నమ్మకమైన పనివారిని ఇతర రాష్ట్రములకు పంపి, యంత్రమును అచ్చులను తానిచ్చి, వ్యయములో మూడవ వంతు భరించి, లాభములో మూడవ వంతు పుచ్చుకొని, ఆఱేండ్లు తీరగానే వారే సొంతముగ కొనుక్కొనునట్లు ఏర్పాటు చేసెను. దక్షిణ కెరొలీనాకు పంపిన టిమొతీ 1738లో మరణింపగా, అతని భార్య ఎలిజబెత్తు లెక్కలు భర్తకంటె చక్కగా పంపి, గడువు తీరగానే అచ్చుకూటమును కొనెను. 1748లో, నలువదిరెండవ యేట, ఫ్రాంక్లిను తన అచ్చుకూటమును హాలు అను భాగస్థునికి అప్పగించి విశ్రమించెను.

అన్న సంగతి యేమాయెను? జేమ్సు బోస్టను విడిచి న్యూపోర్టు పట్టణమున అచ్చుకూటము పెట్టుకొనియుండెను. 1733 ప్రాంతమున తమ్ముడు పదేండ్లకు స్వస్థలమునకు వచ్చి, తిరిగిపోవుచు అచట దిగెను. జేమ్సు ఆరోగ్యము క్షీణించుచుండెను. పాత సంగతులు ఇరువురును ఎత్తలేదు. తాను పోయినచో చిన్నవాడగు తన కుమారుని పెంచి అచ్చుపని నేర్పుమని అన్న కోరెను. 1735లో జేమ్సు మరణించెను. బెంజమిను ఆ బాలుని కొన్నేండ్లు బడిలో చదివించి, 1740లో ఒడంబడిక వ్రాయించుకొని శిష్యునిగా చేర్చుకొనెను. ఈ చిన్న జేమ్సు కూడ పినతండ్రి యింట సణుగుచునే యుండెడివాడట! ఆ సంగతిని ఫ్రాంక్లిను తన సోదరి జేనుకు ఒక జాబులో వ్రాసెను. న్యూపోర్టు అచ్చుకూటమును ఆ లోపల తల్లి ఆన్ను నిలువబెట్టుకొని వచ్చెను. కుమారుడు పని నేర్చి తిరిగిపోవునపుడు, తండ్రి అచ్చులు అరిగిపోయి యుండుటచే, ఫ్రాంక్లిను క్రొత్త అచ్చుల సంపుటము నిచ్చి పంపెను. గడువునకు ముందు తాను విడిచిపోవుటవలన అన్నకు కలిగిన నష్టమును ఇట్లు తీర్చితినని ఆయన లెక్క. ఆ తల్లియు కుమారుడును 1758లో న్యూపోర్టు మెర్క్యురీ అను పత్రికను స్థాపించిరి.

రాయబారియై ఫ్రాన్సులో నుండినపుడును పాసీ గ్రామమున తన బసలో చిన్న ముద్రాయంత్రము పెట్టుకొని వినోదముగ అచ్చొత్తుకొనెడివాడు. మనుమడగు బేచికి అచటనే అచ్చులు చెక్కుటయు కూర్చుటయు నేర్పించెను. ఆ మనుమడు 1790లో ఫిలడెల్ఫియాలో పత్రిక స్థాపించెను. ఆ సంవత్సరము ఏప్రిలు 17వ తేదీన ఎనుబదినాలుగేండ్ల ఫ్రాంక్లిను గతించెను. అంతిమయాత్రలో ఆ ఊరి ముద్రాపకులు తమ పనివారితోను శిష్యులతోను నడిచిరి.

ఆయన మరణశాసనము తన్ను ముద్రాపకుడని పేర్కొని, రాయబార పదవిని తరువాత చెప్పును. 1789లో దానికి చేర్చిన అనుబంధమున, తనకు బోస్టనులో చేతిపని నేర్పబడినదనియు, ఫిలడెల్ఫియాలో ఇద్దఱు మిత్రుల అప్పువలన నిలువద్రొక్కుకొంటిననియు జ్ఞాపకము చేసికొని, ఆ రెండు పట్టణములకును వేయేసి పౌనులిచ్చెను. ఆ సొమ్మును రెండువందల యేండ్లు చేతిపనివారికి నూటికి అయిదు వడ్డీపై అప్పులుగా తిప్పవలెననెను. ఆ నిధులు 1990 తరువాతనే ముగిసినవి. అప్పు పొందువాడు ఇరువదియైదేండ్లలోపు వివాహితుడు కావలెను. సత్ప్రవర్తనకు ఇద్దఱు పూచీ యుండవలెను. ఆ పట్టణముననే శిష్యత్వము చేసి, ఒడంబడికలోని విధులను గడువు తీరువఱకు విశ్వాసముతో నెఱవేర్చినవాడు కావలెను. ఈ నియమములు పెట్టినవాడు ఫ్రాంక్లినే. వీని ప్రకారము, 1723లో బోస్టను విడిచి పాఱిపోయి వచ్చిన బెంజమినుకు ఆ నిధినుండి ఒక్క పెన్నీయైనను పుట్టియుండెడిది కాదు.